నల్లగొండ మొదటి పార్లమెంటు సభ్యులు రావి నారాయణరెడ్డి గారు

ఈ ప్రత్యేక సంచికలో జిల్లా పెద్దలను ఒక్కొక్కరిని తలచుకోవాలని కార్యవర్గం వారు నిర్ణయించి, రావి నారాయణరెడ్డి గారి గురించి రాసే పని నాకు అప్పజెప్పారు. నేను పండితుడిని కాను. రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైన గుమాస్తాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం ఎన్నికల పనితోనే గడిచింది కనుక ఆ మహానుభావుని జీవితాన్ని ఆ వైపు నుంచే చెప్పగలను. నల్లగొండ పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర రాయాలంటే ఆయన పేరుతో మొదలుపెట్టక తప్పదు.

ఆయన 1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో పుట్టారు. భూస్వాముల కుటుంబం. ఆ రోజుల్లో అటువంటి ఇంట పుట్టినవారికి ఎదురుండేది కాదు. ఊరి జనం వెట్టి చేయాలి, దొర ఎదురైతే చెప్పులు చేతబట్టుకుని పక్కకు జరగాలి. కూర్చుని తినే యోగం ఉన్న మనిషి ఆ యోగాన్ని కాదనుకున్నారు. ఆయన గొప్పదనం అక్కడే మొదలైందని నా అభిప్రాయం. మొదట గాంధీ మహాత్ముని బాటలో నడిచారు. హరిజన సేవక సంఘంలో పని చేశారు, హరిజన విద్యార్థుల చదువు కోసం పాటుపడ్డారు. పై కులం వారు హరిజనవాడలోకి అడుగుపెట్టడమే వింతగా చూసిన కాలం అది. తర్వాతి రోజుల్లో తన సొంత భూమిలో వందల ఎకరాలు దున్నుకునే వారికే వదిలిపెట్టారు.

1938 అక్టోబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు గోవిందరావు నానల్ నాయకత్వంలో అరెస్టయిన మొదటి జట్టులో నారాయణరెడ్డి గారు ఉన్నారు. మరుసటి సంవత్సరం 1939లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు.

ఆంధ్రమహాసభ

నిజాం రాజ్యంలో సభ పెట్టుకోవాలంటే ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. గస్తీ నిషాన్ 53 అనే హుకుం అందుకోసమే ఉండేది. అటువంటి కాలంలో తెలుగు వారి గొంతు వినిపించిన సంస్థ ఆంధ్రమహాసభ. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి మహాసభ జరిగింది. మొదట్లో గ్రంథాలయాలు, తెలుగు బడులు, సంఘ సంస్కరణలు ఇవే దాని పనులు. మాడపాటి హనుమంతరావు పంతులు గారి వంటి పెద్దలు విన్నపాల పద్ధతిలో ఓపికగా నడిపించారు.

1941లో ఎనిమిదవ మహాసభకు నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యారు. అది జరిగిన చిలుకూరు ఆనాటి మన జిల్లాలోనిది. హైదరాబాదు పక్కన బాలాజీ గుడి ఉన్న చిలుకూరు అని కొందరు పొరపడుతుంటారు కనుక చెబుతున్నాను. అప్పటికి ఆయన వయసు ముప్పయి మూడేళ్లు. 1944లో భువనగిరిలో జరిగిన పదకొండవ మహాసభకు మళ్లీ ఆయనే అధ్యక్షులు. అక్కడే మితవాదులకు, అతివాదులకు దారులు వేరయ్యాయి. పట్నం వకీళ్లు, చదువుకున్నవారు కూర్చుని తీర్మానాలు చేసుకునే మహాసభ భువనగిరి తర్వాత పల్లెల్లో కూలివాని నోట సంగం అయింది. వెట్టి పోవాలి, అక్రమ వసూళ్లు ఆగాలి, కౌలుదారును భూమి నుంచి వెళ్లగొట్టరాదు అన్నవి సంగం కోరికలు.

1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. జనగామ తాలూకా ఆనాడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అప్పటి నుంచి జరిగినదంతా మన తరం వారికి తల్లిదండ్రుల నోట విన్న కథే. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు నారాయణరెడ్డి గారు, బద్దం ఎల్లారెడ్డి గారు, మఖ్దూం మొహియుద్దీన్ గారు.

పోరాటం ఆపాలన్న మాట

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం బయలుదేరింది, 17న నిజాం లొంగిపోయాడు. అక్కడి నుంచే నారాయణరెడ్డి గారి జీవితంలో కష్టమైన భాగం. నిజాం పోయాడు, రజాకార్లు పోయారు, ఇక తుపాకి దించవలసిందే అన్నది ఆయన వాదన. ఇప్పుడు ఎదురుగా ఉన్నది స్వతంత్ర భారత సైన్యం, జనంలో చాలామంది దాన్ని విమోచన కోసం వచ్చినదిగానే చూస్తున్నారు, ఇక పోరాడితే రైతు బిడ్డలు చావడం తప్ప ఫలితం ఉండదని ఆయన నమ్మారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు, మాకినేని బసవపున్నయ్య గారు మొదలైన నాయకులు ఒప్పుకోలేదు. తుపాకి దించితే వచ్చిన భూములు మళ్లీ దొరల పాలవుతాయని, పేదవాని ప్రాణానికి రక్షణ ఉండదని వారి వాదన. పోరాటానికి పిలుపునిచ్చిన మనిషే ఆపాలనడం చాలామంది కార్యకర్తలకు మింగుడుపడలేదు. ఆయన మీద సొంతవారే ఎన్నో నిందలు మోపారు. అయినా ఆయన పార్టీ విడిచిపోలేదు, తన మాటనూ మార్చుకోలేదు. చివరకు 1951 అక్టోబరు 21న పార్టీ పోరాటాన్ని విరమించింది.

ఈ చర్చ మా ఇంట్లో పుస్తకాల్లోది కాదు. మా మేనమామ దళంలోకి పోయి 1950లో తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. మా అమ్మమ్మ బతికినంతకాలం నారాయణరెడ్డి మాట ముందే విని ఉంటే తన కొడుకు దక్కేవాడని ఏడ్చేది. మా నాయన మాత్రం వేరేగా చెప్పేవాడు. తుపాకి పట్టినందువల్లనే దొర మళ్లీ మా చెలక మీదికి రాలేదనీ, కౌలుదారుకు చట్టం వచ్చిందనీ ఆయన లెక్క. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ ఈ ఒక్క విషయం మీద ఎన్నడూ రాజీ పడలేదు. అమ్మమ్మది తప్పని గానీ నాయనది తప్పని గానీ ఇంత వయసు వచ్చినా నేను తేల్చలేను. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చిన మాట నిజం. పోరాటం జరిగిన జిల్లాలోనే, పోచంపల్లిలో, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారి భూదానం పుట్టిన మాటా నిజం. అవన్నీ ఊరికే రాలేదు. కానీ 1948 తర్వాత పోయిన ప్రాణాల లెక్క కూడా ఉంది. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, తనవారికి రుచించని మాటను ముఖం మీద చెప్పగలిగిన నాయకుడు ఆయన.

రెండు ఓట్ల నియోజకవర్గం

పోరాటం ఆగిన కొద్ది నెలలకే మొదటి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. దేశం మొత్తం మీద 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి వరకు పోలింగు జరిగింది. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున వారు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. మనవాళ్లు పి.డి.ఎఫ్. అనేవారు. వయసు వచ్చిన ప్రతి స్త్రీ పురుషునికి ఓటు అన్న మాట ఈ జిల్లా జనం వినడం అదే మొదలు. నిన్నటి దాకా వెట్టి చేసినవాడు, నిన్నటి దాకా వెట్టి చేయించినవాడు ఒకే వరుసలో నిలబడ్డారు.

ఈ కాలం వారికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1952లో నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి జనరల్ స్థానం, ఒకటి షెడ్యూల్డు కులాల స్థానం, రెంటికీ కలిపి ఒకే ప్రాంతం. ఓటరుకు రెండు ఓట్లు. ఇప్పటిలాగ ఒకే కాగితం మీద పేర్లు, గుర్తులు అచ్చు వేయలేదు. ప్రతి అభ్యర్థికి ఒక ఇనుప పెట్టె, దాని మీద అతని గుర్తు. రూపాయి నోటంత చిన్న కాగితం ఓటరు చేతికి ఇచ్చేవారు. దాన్ని తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేసి రావాలి. చదువు రానివానికి కూడా తేలికగా ఉండాలని ఆనాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గారి కాలంలో చేసిన ఏర్పాటు ఇది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1952 పోలింగులో పని చేసిన ఒక పెద్దాయన మా ఆఫీసులోనే ఉండేవారు. పెట్టెలను ఎడ్లబండి మీద వేసుకుని పోయిన సంగతి, కొందరు ముసలమ్మలు పెట్టెకు దండం పెట్టి మరీ ఓటు వేసిన సంగతి ఆయన చెప్పగా విన్నాను.

లెక్క తేలేసరికి రావి నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తంలో ఏ అభ్యర్థికీ అన్ని ఓట్లు రాలేదు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ గారికి అలహాబాదు ప్రాంతంలోని తన నియోజకవర్గంలో వచ్చినవి 2,33,571. ఈ మాట చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, ఓటరుకు రెండేసి ఓట్లు ఉన్నాయి కనుక ఆ అంకె రెండింతలై ఉంటుందని సందేహం తీస్తారు. మా మనుమడే ఒకసారి తీశాడు. ఎన్నికల గుమాస్తాగా దానికి సమాధానం చెప్పడం నా విధి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఓటరుకు ఎందరు సభ్యులుంటే అన్ని ఓట్లు ఉంటాయి గానీ, ఒకే అభ్యర్థికి ఒకటి కంటే ఎక్కువ వేయడానికి వీల్లేదు. అంటే 3,09,162 ఓట్లు అంటే అంతమంది మనుషులే. పైగా నెహ్రూ గారు పోటీ చేసినది కూడా ఇద్దరు సభ్యుల నియోజకవర్గమే. అక్కడ ఆయనతో పాటు మసూరియా దీన్ గారు ఎన్నికయ్యారు. కనుక పోలిక సరైనదే.

ఇందులో మనం మరచిపోయిన పేరు ఒకటుంది. అదే నియోజకవర్గం నుంచి, అదే పి.డి.ఎఫ్. తరఫున, షెడ్యూల్డు కులాల స్థానంలో గెలిచినవారు సుంకం అచ్చాలు గారు. నెహ్రూను మించిన ఓట్లు అని అందరం చెప్పుకుంటాం. దొర ముందు నిలబడి మాట్లాడే వీలు లేని కులం నుంచి ఒక మనిషిని ఇదే నల్లగొండ అదే రోజు ఢిల్లీకి పంపిందని చెప్పుకోవడం తక్కువ. యవ్వనంలో హరిజన సేవతో ప్రజా జీవితం మొదలుపెట్టిన నారాయణరెడ్డి గారికి, తనతో పాటు అచ్చాలు గారు కూడా సభలో కూర్చోవడం ఎంత తృప్తినిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

అదే ఎన్నికల్లో ఆయన భువనగిరి నుంచి హైదరాబాదు శాసనసభకు కూడా గెలిచారు. రెండు చోట్ల ఉండడానికి వీల్లేదు కనుక పార్లమెంటు స్థానాన్నే ఉంచుకున్నారు. ఆ శాసనసభలో 175 స్థానాలకు పి.డి.ఎఫ్. 42 గెలిచింది. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గారు గెలిచారు. బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు.

తర్వాతి ఎన్నికలు

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలో 1955లోనే శాసనసభ ఎన్నికలు జరిగినందున 1957లో ఒక్క తెలంగాణలోనే శాసనసభకు ఎన్నికలు పెట్టారు. నారాయణరెడ్డి గారు ఈసారి భువనగిరి నుంచి శాసనసభకు వెళ్లారు. నల్లగొండ నుంచి దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు లోక్‌సభకు వెళ్లారు. ఇద్దరు సభ్యుల పద్ధతి మన దగ్గర అదే చివరిసారి. 1961లో చట్టం చేసి ఆ పద్ధతిని రద్దు చేశారు. పాత నల్లగొండ రెండు ముక్కలై, నల్లగొండ జనరల్ స్థానం గాను, మిర్యాలగూడ షెడ్యూల్డు కులాల స్థానం గాను ఏర్పడ్డాయి. 1962లో నారాయణరెడ్డి గారు మళ్లీ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. మిర్యాలగూడలో కమ్యూనిస్టు పార్టీకే చెందిన లక్ష్మీదాస్ గారు గెలిచారు.

1964లో పార్టీ చీలింది. నారాయణరెడ్డి గారు సి.పి.ఐ.లోనే ఉండిపోయారు. ఒకే దళంలో తిరిగినవారు, ఒకే కంచంలో తిన్నవారు రెండు జెండాల కింద చేరారు. 1967లో నల్లగొండ కాంగ్రెసు పరమైంది, మహమ్మద్ యూనస్ సలీం గారు గెలిచారు. 1971లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమపు ఊపులో తెలంగాణ ప్రజాసమితి నుంచి కంచర్ల రామకృష్ణారెడ్డి గారు, 1977లో అబ్దుల్ లతీఫ్ గారు, 1980లో దామోదరరెడ్డి గారు కాంగ్రెసు నుంచి, 1984లో తెలుగుదేశం నుంచి రఘుమారెడ్డి గారు, 1989లో కాంగ్రెసు నుంచి చకిలం శ్రీనివాసరావు గారు గెలిచారు. మిర్యాలగూడలో మాత్రం భీమిరెడ్డి నరసింహారెడ్డి గారు సి.పి.ఎం. తరఫున 1971, 1984, 1991లలో గెలిచి పాత పోరాటపు జ్ఞాపకాన్ని నిలబెట్టారు.

1991 వేసవిలో జరిగిన ఎన్నికల్లో బొమ్మగాని ధర్మభిక్షం గారు సి.పి.ఐ. అభ్యర్థిగా నల్లగొండను గెలిచారు. నారాయణరెడ్డి గారు 1962లో గెలిచిన తర్వాత ఆ స్థానం ఆయన పార్టీకి దక్కడం అదే మొదటిసారి, ఇరవై తొమ్మిదేళ్లకు. ఆ సంగతి కళ్లారా చూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 7న కన్నుమూశారు. 1992లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. మన కాళోజీ నారాయణరావు గారికీ, హైదరాబాదు విమోచన పోరాటంలో పేరు పొందిన గోవిందదాస్ ష్రాఫ్ గారికీ కూడా అదే సంవత్సరం ఆ గౌరవం దక్కింది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఆయన పేరుతో స్మారక భవనం ఉంది.

480 మంది అభ్యర్థులు

ఆయన పోయిన అయిదేళ్లకు నల్లగొండ మరోసారి దేశం నోట పడింది. ఈసారి కారణం నీళ్లు. ఫ్లోరైడు నీళ్లు తాగి పిల్లల కాళ్లు వంకర పోతున్నాయని, కృష్ణ నీళ్లు ఇవ్వాలని ఎంత మొరపెట్టుకున్నా ఆలకించేవారు లేక, జలసాధన సమితి వారు 1996 లోక్‌సభ ఎన్నికల్లో వందల మంది చేత నామినేషన్లు వేయించారు. చివరకు బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నేను ఆ ఎన్నికల పనిలో ఉన్నాను. అన్ని పేర్లు తప్పులు లేకుండా చూడడం, అన్ని గుర్తులు కేటాయించడం, అంత కాగితం లెక్క పెట్టడం, ఆ నెలల్లో మాకు నిద్ర లేదు. మాలో కొందరు విసుక్కున్నారు. నాకు మాత్రం విసుగు రాలేదు. మా ఆఫీసు గడప ముందు కర్ర ఊతంతో నిలబడిన పాతికేళ్ల కుర్రవాణ్ణి చూసినవారికి విసుగు ఎలా వస్తుంది? ఆ ఎన్నికల్లోనూ ధర్మభిక్షం గారే గెలిచారు. అదే సంవత్సరం లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచుతూ చట్టం సవరించారు. అయినా ఆ పద్ధతి ఆగలేదు. 2019లో నిజామాబాదులో పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేయగా 185 మంది పోటీలో నిలిచారు.

1952లో నల్లగొండ పేదవాడు ఓటు వేసి తన గోడు ఢిల్లీకి చేర్చాడు. 1996లో తానే అభ్యర్థిగా నిలబడి చేర్చాడు. పద్ధతి మారింది గానీ బుద్ధి అదే అనిపిస్తుంది నాకు.

2008లో నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు మిర్యాలగూడ పార్లమెంటు స్థానం పోయింది. భువనగిరి కొత్త స్థానమైంది. నారాయణరెడ్డి గారి సొంత ప్రాంతం ఇప్పుడు భువనగిరి కిందికి వస్తుంది. నల్లగొండలో కమ్యూనిస్టులు చివరిసారి గెలిచినది 2004లో, సురవరం సుధాకరరెడ్డి గారు. 2024లో కాంగ్రెసు అభ్యర్థి కుందూరు రఘువీర్‌రెడ్డి గారు అయిదున్నర లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. అంకెల్లో అది 1952 నాటి మొత్తం ఓట్లనే మించిపోయింది. ఓటర్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది కనుక ఆ రెండింటినీ పోల్చడం న్యాయం కాదు. 1952లో ఓటు వేసిన ప్రతి మనిషీ అంతకు ముందు నాలుగైదేళ్లు రజాకార్లను, సైన్యాన్ని, దళాలను చూసినవాడు. ఎవరికి వేస్తే ఎవరికి కోపమొస్తుందో తెలిసినవాడు. అయినా వేశాడు.

పెన్షనర్ మిత్రులకు ఒక విన్నపం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు దాటిన వారికి ఇంటి దగ్గరే ఓటు వేసే సౌకర్యం కల్పించారు. మన సభ్యుల్లో అర్హులైనవారు ఎన్నికలు ప్రకటించగానే బూత్ లెవెల్ ఆఫీసరును అడిగి ఫారం 12-డి ఇచ్చుకోవాలి. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన అయిదు రోజుల లోపలే దరఖాస్తు అందాలి, ఆ తర్వాత ఒప్పుకోరు. ఫారం నింపడం తెలియని పెద్దలు ఉంటే సంఘం కార్యాలయానికి కబురు పెట్టండి. నేను వచ్చి నింపి ఇస్తాను. ఆ పని నాకు అలవాటే.